యాసిడ్ అవసరం లేని బాత్రూమ్

(శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఒక ఊరిలో పొదుపు సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అక్కలకు, వదినలకు, అరుగు మీద కూర్చున్న మావయ్యలకు కూడా.

మీటింగ్‌కు ముందు ఇక్కడే ఒకరింట్లో కాళ్లు కడుక్కున్నాను. బాత్రూమ్ కిటికీ గట్టు మీద యాసిడ్ సీసా, బ్లీచింగ్ పొట్లం పక్కపక్కనే ఉన్నాయి. చూడగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఆ ఏడాది భోగికి మూడు రోజుల ముందు అమ్మ ఇల్లంతా కడుగుతోంది. లెట్రిన్ సీటుకు పట్టిన పసుపు గార పోవాలని యాసిడ్ పోసింది. అది పూర్తిగా పోలేదని, పైన గుప్పెడు బ్లీచింగ్ చల్లింది. పిల్లలు లోపలికి వస్తారని తలుపు గడియ పెట్టుకుంది. కాసేపటికి దగ్గు వినిపించింది. తమ్ముడు తలుపు తోసి అమ్మను బయటికి లాక్కొచ్చాడు. రెండు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. ఇప్పటికీ చలికాలం వస్తే ఆ దగ్గు తిరగబెడుతుంది. నేను బడిలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. వందల మంది పిల్లలకు చెప్పిన పాఠం మా అమ్మకు చెప్పలేదు. ఆ బాధ నన్ను వదల్లేదు. అందుకే ఎవరు పిలిచినా వెళ్లి ముందు ఈ మాటే చెబుతాను.

బ్లీచింగ్‌లో క్లోరిన్ దాగి ఉంటుంది. యాసిడ్ తగలగానే అది గ్యాస్‌గా బయటికొస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలింది ఈ గ్యాస్‌నే. ఇది గాలి కన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. మనం బాత్రూమ్ ఎలా కడుగుతాం? గొంతుక్కూర్చుని, ముఖం సీటు మీదికి వంచి. అంటే గ్యాస్ ఎక్కడ ఉంటుందో మన ముక్కు అక్కడే ఉంటుంది. అంత చిన్న గదిలో, అదీ తలుపు వేసుకుని.

అందుకని ఈ రెండూ ఒకే రోజు వాడొద్దు, ఒకే గట్టు మీద పెట్టొద్దు. పొరపాటున కలిస్తే అన్నీ వదిలేసి బయటికి రండి. నీళ్లు పోసి కడిగేద్దామని లోపల ఆగొద్దు. దగ్గు, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. కాస్త తగ్గినట్టు అనిపించినా డాక్టరుకు చూపించండి. కొందరికి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

అసలు యాసిడ్ దాకా ఎందుకు వెళ్తున్నాం? చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. నీళ్లు ఆరినచోటల్లా అవి తెల్లగా పొరలు కడతాయి. ఇనుము ఉంటే ఎర్రటి చారలు పడతాయి. యాసిడ్ వాటిని తినేస్తుంది నిజమే, కానీ టైల్స్ సందుల్లోని సిమెంటునూ తింటుంది. ఆ గరుకులో మళ్లీ మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. దాంతో వచ్చే నెల ఇంకో సీసా కొంటాం.

దీనికి నాకు తెలిసిన మంచి మార్గం, స్నానాలు అయ్యాక బాత్రూమ్‌ను ఆరనివ్వడం. ఆఖరున స్నానం చేసినవాళ్లు నేల మీద నీళ్లు వైపర్‌తో లాగేయాలి, నిమిషం పని. ఆడవాళ్లనే అనడం లేదు, ఆఖరున స్నానం చేసినవాళ్లు ఎవరైనా సరే. మావయ్యలూ, ఇది మీకు కూడా! తర్వాత కిటికీ, తలుపు తెరిచి ఉంచండి. మనది సముద్రం దగ్గరి జిల్లా, గాలిలోనే తేమ ఉంది, మూసి ఉంచిన గది సాయంత్రానికి కూడా ఆరదు. ఆరకపోతే గోడలకు బూజు, నేలకు పాచి. ఆ పాచి మీద కాలు జారి తుంటి విరిగిన పెద్దవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు.

గార పట్టేసి ఉంటే నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కరిగించి, రాత్రి సీటు మీద పోసి వదిలేయండి. పొద్దున్న బ్రష్‌తో రుద్దండి. మొండి గార ఒక్కసారికి పోదు, నాలుగైదు రాత్రులు ఓపిక పట్టాలి. ఇదీ పులుపే కాబట్టి దీంతో కూడా బ్లీచింగ్ కలపకూడదు. పాలరాయి మీద పోయకండి, మెరుపు పోతుంది.

రోజూ ఫినాయిల్ కుమ్మరించే అలవాటు కూడా తగ్గించుకోండి. సెప్టిక్ ట్యాంకులో మురికిని కరిగించేవి సూక్ష్మజీవులే, మందు ఎక్కువైతే అవీ చస్తాయి. అయినా వాసన వస్తోందంటే చాలాసార్లు మురికి వల్ల కాదు. నీళ్లు పోయే జాలీ కింద వంపులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉండాలి, కింది గ్యాస్‌ను, బొద్దింకలను ఆపేది అదే. వాడని బాత్రూమ్‌లో అది ఎండిపోతుంది. ఒక చెంబు నీళ్లు పోస్తే సరిపోతుంది.

గోలెం గురించి ఒక మాట. శుక్రవారం డ్రై డే అని నీళ్లు పారబోస్తున్నారు, మంచిదే. కానీ డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీటి అంచున గోడకు. గోలెం ఎండినా అవి నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అందుకే పారబోశాక లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్దాలి.

ఇంట్లో విరేచనాలతో బాధపడేవాళ్లు ఉంటే అప్పుడు బ్లీచింగ్ కావాల్సిందే. ముందు సబ్బుతో కడగండి, మురికి ఉంటే బ్లీచింగ్ సరిగ్గా పనిచేయదు. తర్వాత లీటరు నీళ్లకు మూడు చిన్న చెంచాల బ్లీచింగ్ కలిపి, పోసి, పది నిమిషాలు ఆగి కడిగేయండి. పొట్లం మూతి గట్టిగా కట్టి పెట్టండి, చెమ్మ తగిలితే బలం పోతుంది.

కొలత తెలియడానికి బకెట్, చెంచా తెచ్చాను. రండి, ఇద్దరు ముందుకు రండి, కలిపి చూద్దాం. కిటికీలు తెరవండి.