ఇంటికి చేరాక ఆ చేతిని ఎవరు కొలుస్తున్నారు?

సభాధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, రోగులను వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబ సభ్యులకు నమస్కారం. ప్రపంచ పక్షవాత దినోత్సవ సందర్భంగా నివారణ గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. రక్తపోటు, మధుమేహం, పొగాకు గురించి నాకు ముందు మాట్లాడిన వైద్యులు వివరంగా చెప్పారు కనుక, ప్రాణం దక్కి ఇంటికి చేరిన మనిషి గురించి, ఒక ఫిజియోథెరపిస్టుగా నేను చూసినంతవరకు, మాట్లాడతాను.

మంగళగిరి ప్రాంతం నుంచి ఒక చేనేత కార్మికుడు, జబ్బు చేసిన ఏడాది తరువాత, నా దగ్గరకు వచ్చారు. ఆసుపత్రి కాగితంలో ఆయన చేతి గురించి ఉన్నది ఒకే మాట: ‘మెరుగుపడింది’. ఎప్పటితో పోలిస్తే మెరుగు, భుజంలోనా, మణికట్టులోనా, వేళ్ళలోనా అన్నది ఎక్కడా లేదు. ఆయన నడుస్తున్నారు, తింటున్నారు, స్నానం చేస్తున్నారు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలరా అని చూసే, 1965లో వెలువడిన బార్తెల్ సూచికలో ఆయనకు నూటికి నూరు వచ్చాయి, ఎందుకంటే ఆ పనులన్నీ ఒంటి చేత్తోనూ నెట్టుకురావచ్చు. వైకల్యం ఎంతో చెప్పే ర్యాంకిన్ కొలమానంలో ఆయనది రెండో మెట్టు, అంటే స్వల్ప వైకల్యం. పరిశోధకులు దాన్ని మంచి ఫలితాల్లోనే లెక్కిస్తారు. అయితే మగ్గం ఆడాలంటే రెండు చేతులూ ఆడాలి. ఆ ఇంట్లో మగ్గం ఏడాదిగా ఆగిపోయి ఉంది, కాగితాల్లో మాత్రం అంతా బాగుంది.

చేతిని విడిగా కొలిచే పద్ధతి లేక కాదు. 1975లో స్వీడన్‌లో ఫుగల్-మేయర్ బృందం ప్రచురించిన పరీక్ష చేతి కదలికలను 66 మార్కులకు విడదీసి చూస్తుంది. బంతి, కాగితం, పెన్సిలు వంటి చిన్న వస్తువులు, కొంత ఓపిక ఉంటే చాలు. నెదర్లాండ్స్‌లో జరిగి 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం, మొదటి 72 గంటల్లో రోగి వేళ్ళను కొంచెమైనా తెరిచి, భుజాన్ని పక్కకు ఎత్తగలిగితే, ఆరు నెలలకు చేతికి కొంత పనితనం తిరిగి వచ్చే అవకాశం 98 శాతం. ఆ రెండూ చేయలేకపోతే 25 శాతం. ఆ కార్మికుడి వేళ్ళు మూడో రోజున తెరుచుకున్నాయో లేదో ఇక ఎవరూ చెప్పలేరు. ఈ సభలో ఉన్న యువ వైద్యులను వేడుకుంటున్నాను: వేళ్ళు తెరుచుకున్నాయా, భుజం లేచిందా అన్న రెండు వాక్యాలు రాయండి, కింద తేదీ వేయండి.

కుటుంబాలకూ ఒక మాట. చేయి గ్లాసును అందుకోగానే అందరూ సంతోషిస్తారు. ఆ క్షణంలో చేతిని కాదు, నడుమును చూడండి. మోచేయి చాపలేక మనిషి మొత్తం ముందుకు వంగితే, పని జరిగింది గాని చేయి కోలుకోలేదు. కోలుకోవడంలో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే జరుగుతుందన్నది నిజమే. అంతటితో తలుపు మూసుకుపోతుందన్నది నిజం కాదు. అమెరికాలో జరిగి 2006లో వెలువడిన ఎక్సైట్ పరీక్షలో, జబ్బు చేసి మూడు నుంచి తొమ్మిది నెలలైనవారికి, మణికట్టు, వేళ్ళు కొంతైనా ఆడుతున్నవారికి, మంచి చేతికి తొడుగు వేసి బలహీనమైన చేతితో రెండు వారాలు పని చేయించారు. ఆ చేతి వాడకం పెరిగింది, ఏడాదికీ నిలిచింది.

మన దేశంలోనూ 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే పరీక్ష జరిగి, 2017లో ఫలితం వచ్చింది. ఇంట్లోవారికి శిక్షణ ఇచ్చి వ్యాయామం చేయించినా, ఆరు నెలలకు మరణించినవారు, పరాధీనులైనవారు ఆ వర్గంలోనూ, మామూలు చికిత్సే పొందిన వర్గంలోనూ 47 శాతమే. నాబోటివారికి అది కష్టం కలిగించిన ఫలితం. అయినా ఆరు నెలలకు వెళ్ళి కొలిచారు కనుకనే మనకు అది తెలిసింది. మన రోగుల్లో చాలామందిని ఇంటికి పంపాక మళ్ళీ కొలిచేది సదరం శిబిరంలోనే, అదీ పింఛను కోసం వైకల్యం 40 శాతం ఉందో లేదో తేల్చడానికి. కోలుకున్నదెంతో రాసే కాగితం ఇంకొకటి కావాలి.

బయట వరండాలో 10 మీటర్ల దూరానికి గీతలు గీశాం. ఆ దూరానికి 25 సెకన్లకు మించి పడితే నడక ఇంటి లోపలికే పరిమితమని, పన్నెండున్నర సెకన్లలోపు ముగిస్తే బయట తిరగగలరని స్థూలంగా అంచనా వేస్తారు. దయచేసి వెళ్ళే ముందు మీవారిని ఒకసారి నడిపించండి. మా విద్యార్థులు పక్కనే నడుస్తారు, సెకన్లు, వేళ్ళు తెరుచుకున్న తీరు, తేదీ పుస్తకంలో రాసి మీకే ఇస్తారు. సంక్రాంతి వెళ్ళాక అదే పుస్తకంతో మళ్ళీ రండి.