డైలాగ్ పెట్టెకు ఎన్ని సోకులు చేసినా వత్తు తెగితే ఏం లాభం?

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఆండ్రాయిడ్ యాప్‌లలో ఏదైనా అడగడానికో చెప్పడానికో తెర మీదికి వచ్చే చిన్న కిటికీలు ఉంటాయి కదా, ఆ డైలాగ్ పెట్టెల రూపురేఖలు మార్చుకునే కిట్, అంటే యాప్ చేసేవారు వాడుకునే రెడీమేడ్ కోడ్, ఒకటి కొత్తగా వచ్చింది, పేరు మీ తెర మీద కనిపిస్తోంది. తయారు చేసినవాళ్లు లైసెన్సు నాకు ఉచితంగా ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. వీడియో ముందుగా చూపించమంటే కుదరదని చెప్పాను. టెంప్లేట్లు ఎన్ని, ధర ఎంత అన్నవి మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

ముందు నాకు బాగా నచ్చిన సంగతి. డైలాగ్ తెరుచుకున్నప్పుడు వెనక తెర కాస్త నల్లబడుతుంది కదా, ఆ నలుపు ఎంత ఉండాలో ఇందులో వేలితో జరుపుతూ అక్కడికక్కడే చూసుకోవచ్చు. గూగుల్ వారి మెటీరియల్ 3 అనే రూపకల్పన పద్ధతిలో అది 32 శాతం. గదిలో కూర్చుని చూస్తే చక్కగా ఉంటుంది. నేను పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి సరుకు లెక్కల యాప్ చేసి ఇచ్చాను. ఏప్రిల్, మే నెలల్లో ఉద్దానం ప్రాంతం నుంచి జీడి పిక్కలు 80 కిలోల బస్తాల్లో దిగుతుంటాయి. దించేది ఆరుబయట, ఎండలో. ఆ వెలుతురులో 32 శాతం నలుపు ఉన్నా లేనట్టే. డైలాగ్ పెట్టె ఎక్కడ మొదలైందో, వెనకున్న జాబితా ఎక్కడ ఆగిందో తెలియదు. మనిషి పెట్టె బయట నొక్కుతాడు, డైలాగ్ మూసుకుపోతుంది, బస్తా లెక్క నమోదు కాదు. దీన్ని 60కి జరిపాను. పెట్టె అంచు స్పష్టంగా తేలింది. కోడ్‌లో ఒక్క వరుస రాసినా ఈ పని జరుగుతుంది, నిజమే. కానీ ఫోను చేతిలో పట్టుకుని ఎండలో నిలబడి జరుపుతూ చూసుకునే వీలు ఇంతకు ముందు నేను వాడిన ఏ కిట్‌లోనూ లేదు. ఈ ఆలోచన చేసినవారిని మనసారా మెచ్చుకుంటున్నాను.

ఇక కోపం వచ్చిన చోటికి వస్తాను. ఈ తెర చూడండి. శీర్షికలో నేను రాసింది ‘కాశీబుగ్గ గోదాముకు పంపాలా?’ అని. దగ్గరగా చూపిస్తున్నాను. గ కింద ఉండాల్సిన గ వత్తు సగానికి తెగిపోయింది. అదే పెట్టెలో ‘శ్రీకాకుళం’ అని రాసి చూపిస్తాను, రావత్తు అడుగు ఎగిరిపోయింది. కారణం ఏమిటంటే, రంగు పట్టీ అందంగా కనిపించాలని శీర్షిక ఎత్తును ఒకే కొలతకు బిగించేశారు. ఇంగ్లీషు అక్షరాలకు ఆ ఎత్తు చాలు. మన లిపికి పైన గుడులు, కింద వత్తులు, కొన్ని చోట్ల వత్తు మీద వత్తు. చాలదు.

ఇది కొత్తగా బయటపడిన సమస్య అయితే సరిపెట్టుకునేవాడిని. ఇలాంటి లిపులకు వరుస ఎత్తు పెంచే అమరిక ఆండ్రాయిడ్‌లో 2014లో వచ్చిన 5.0 నుంచే ఉంది. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకుని కట్టే యాప్‌లలో, మనం అడగకపోయినా అది పనిచేస్తుంది. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం అన్నిటికీ వర్తిస్తుంది. వ్యవస్థ ఇంత దూరం వచ్చాక, పైన వేసుకునే కిట్ దాన్ని తిరిగి కత్తిరించడం ఏమిటి? అక్షరాన్ని పెరగనివ్వని పెట్టె, ఎదిగే పిల్లవాడికి నిరుడు కుట్టించిన చొక్కా లాంటిది.

బటన్ల సంగతి ఇంకా దారుణం. పలాసలో ఆ వ్యాపారి గుమస్తా పెద్దాయన. చూపు తగ్గి, ఫోనులో అక్షరాలను బాగా పెద్దవి చేసుకున్నారు. ఆండ్రాయిడ్ 14 నుంచి 200 శాతం దాకా పెంచుకోవచ్చు. ఆయన ఫోనులో ఈ కిట్ డైలాగ్ తెరిస్తే ‘ఇప్పుడే పంపించండి’ అన్న బటన్ ‘ఇప్పుడే పం’ దగ్గర చుక్కలుగా మారిపోయింది. పక్కనున్న ‘తరువాత చూద్దాం’ కాస్తా ‘తరువా’ అయింది. ఆండ్రాయిడ్‌తో మామూలుగా వచ్చే డైలాగ్ అయితే చోటు చాలనప్పుడు బటన్లను ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. వీళ్లు రెండూ ఒకే వరుసలో ఉండి తీరాలని పట్టుబట్టారు. ఆ పెద్దాయన నొక్కబోయేది లారీ బయలుదేరాలా వద్దా అన్న బటన్. సగం మాట చదివి ఎలా నొక్కుతారు?

తయారీదారులకు రాశాను. తరువాతి వెర్షన్‌లో చూస్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

యానిమేషన్ల గురించి అడుగుతారు, బాగానే ఉన్నాయి. నేను ముందు వాడిన కిట్‌లో టిక్కు గుర్తు గిరగిరా తిరిగి వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది, ఇందులో ఆ బాధ లేదు. ఐఫోను యాప్‌లు చేసేవారికి ఈ గొడవే తక్కువ. 2014లో ఐఫోను వ్యవస్థ ఐఓఎస్ 8తో వచ్చిన అలర్ట్‌ను, అంటే అక్కడి డైలాగ్ పెట్టెను, ఉన్నది ఉన్నట్టుగానే వాడాలని, లోపలి నిర్మాణం మార్చవద్దని ఆపిల్ సూటిగా చెబుతుంది. ఒకప్పుడు అది మొండితనం అనిపించేది. ఈ తెగిన వత్తులు చూశాక ఆ పట్టుదలలో న్యాయం ఉందనిపిస్తోంది.

తెలుగులో యాప్ చేసేవారు ఈ కిట్‌ను కొనవద్దు. ఇప్పుడున్న రూపంలో అయితే ఉచితంగా ఇచ్చినా పెట్టవద్దు. పలాస యాప్ నుంచి నేను దీన్ని తీసేశాను. మీకు కావలసింది గూగుల్ వారి మెటీరియల్ లైబ్రరీలోనే ఉంది. యాప్ థీమ్‌లో డైలాగ్ కోసం ఒక థీమ్ ఓవర్‌లే, అంటే అసలు థీమ్ మీద కప్పే మార్పులు, రాసి పెడితే, ఆ లైబ్రరీలో డైలాగ్ కట్టే బిల్డర్‌తో కట్టిన డైలాగ్‌లన్నీ ఒక్కసారే మారతాయి. మూలల వంపు మామూలుగా 28 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) ఉంటుంది, నేను 12కి తగ్గించాను. శీర్షికకు రంగు, అక్షరాల తీరు అక్కడే ఇస్తాం. ఎత్తును మాత్రం అంకెతో బిగించకండి, లోపలి రాతను బట్టి పెరగనివ్వండి. వెనక నలుపుకు 60 శాతం ఇచ్చాను, ఎండలో పనిచేసేవారి కోసం అది తప్పక మార్చుకోండి.

నా ఓవర్‌లే ఫైలు వీడియో కింద పెట్టాను. తీసుకుని మీ రంగులు వేసుకోండి. మీ ఊరి పేరును శీర్షికలో రాసి, అక్షరాలను అన్నిటికన్నా పెద్ద సైజుకు మార్చి ఒకసారి తెరిచి చూడండి. ఏ అక్షరమైనా తెగితే తెర ఫోటో తీసి కామెంట్లలో పెట్టండి, కలిసి సరిచేద్దాం.