బోర్డు చూసి ఆగేవారు, ఆగనివారు

నిర్వాహకురాలు: నమస్కారం. సొంత పేరుతో ఒక చిన్న సైటు పెట్టుకుని కథలో, కవితలో, ఊరి సంగతులో రాసుకునేవారు తెలుగువారిలో చాలామందే ఉన్నారు. వారిలో కొందరు మాకు రాసిన ఉత్తరాల సారాంశం ఇంచుమించు ఒకటే: రావాలని కోరుకున్న పాఠకులు అరుదుగా వస్తున్నారు, పిలవనివారు మాత్రం వేళాపాళా లేకుండా వచ్చిపడుతున్నారు. చాలాకాలం కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, ఇప్పుడు కొందరు రచయితల సైట్ల బాగోగులు చూస్తున్న మాస్టారు ఈ రోజు మనతో ఉన్నారు. మాస్టారూ, ఉపోద్ఘాతం లేకుండానే అడుగుతాను. అలాంటివారిని రాకుండా చేయడం మన చేతిలో ఉందా?

మాస్టారు: చాలావరకు ఉందమ్మా. అయితే ఎవరిని వద్దనుకుంటున్నామో ముందు తేల్చుకోవాలి. తన సైటు గూగుల్‌లో కనబడకూడదనుకునేవారు కొందరు, తమ రాతలను కృత్రిమ మేధ కంపెనీలు పట్టుకుపోకూడదనుకునేవారు కొందరు, పాఠకుల అభిప్రాయాల కోసం పెట్టిన ఫారంలో ఎవరో మందుల ప్రకటనలు కుమ్మరిస్తుంటే విసిగిపోయినవారు కొందరు, పైఅధికారో మేనత్తో చదివేస్తే ఎలాగన్న బెంగ ఉన్నవారు కొందరు. వీరందరికీ మందు ఒకటే కాదు. ఒకదానికి వేయవలసిన మందు మరొకదానికి వేసి, గుణం కనిపించలేదని వాపోయేవారినే నేను ఎక్కువగా చూస్తుంటాను.

నిర్వాహకురాలు: వస్తున్నది ఎవరో తెలుసుకోవడానికి సందర్శకుల సంఖ్య చూపే గ్రాఫులు ఉంటాయి కదా, అవి చాలవా?

మాస్టారు: చాలవు. ఆ గ్రాఫుల్లో చాలావరకు, పుట తెరుచుకున్నప్పుడు బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో రాసిన చిన్న ప్రోగ్రాం నడిస్తేనే లెక్క వేస్తాయి. బాట్లు, అంటే మనిషి లేకుండా తమంతట తామే సైట్లు తిరిగే ప్రోగ్రాములు, పుటను ఊరికే దించుకుపోయే రకమైతే దాన్ని నడపవు కాబట్టి ఆ లెక్కకు అందవు. చూడవలసినది సర్వర్ లాగ్, అంటే సైటును ఉంచిన కంప్యూటర్ రాసిపెట్టుకునే చిట్టా. వచ్చిన ప్రతి అభ్యర్థనకూ అందులో ఒక వరుస ఉంటుంది: ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో వచ్చినవారి కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), తేదీ, సమయం, అడిగిన పుట, సర్వర్ ఇచ్చిన జవాబు సంఖ్య, చివరగా వచ్చినవారు తమను తాము ఎవరని చెప్పుకున్నారో ఆ పేరు. నేను చూసే ఒక కవిగారి సైటులో సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ లేదు, డేటాబేస్ లేదు, ఉన్నవన్నీ సాదా హెచ్‌టీఎంఎల్ పుటలు. అయినా ఆ లాగ్ తెరిస్తే, ఒకే ఐపీ చిరునామా నుంచి ఒకే క్షణంలో వర్డ్‌ప్రెస్ లాగిన్ పుట కోసం ఒక అభ్యర్థన, పాస్‌వర్డులు దాచే డాట్ ఈఎన్‌వీ ఫైలు కోసం మరొకటి, డేటాబేస్‌ను నిర్వహించే పీహెచ్‌పీ మై అడ్మిన్ కోసం ఇంకొకటి కనిపిస్తాయి. మూడింటికీ జవాబు 404, అంటే అలాంటిది ఇక్కడ లేదని. ఆ వచ్చినవాడికి కవిత్వం అక్కరలేదు. గడియ వేయని సర్వర్ ఎక్కడ ఉందా అని ఇంటర్నెట్ అంతా వెతుకుతూ పోయే ప్రోగ్రాం అది. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకుంటూ, పాస్‌వర్డు గట్టిది పెట్టుకుంటే దాన్ని పట్టించుకోనవసరమే లేదు. లాగ్ చూసి బెదిరిపోయి ఒక్కొక్క ఐపీనీ నిషేధించుకుంటూ కూర్చునేవారు ఉన్నారు. అది తెల్లవార్లూ దోమలు కొట్టడంతో సమానం.

నిర్వాహకురాలు: మరి అందరూ చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు సంగతేమిటి? అది పెడితే సరిపోతుందని చాలామంది నమ్మకం.

మాస్టారు: దాని పుట్టుక తెలిస్తే దాని శక్తి ఎంతో కూడా తెలుస్తుంది. 1994లో మార్టిన్ కోస్టర్ అనే ఇంజనీరు ఈ పద్ధతిని ప్రతిపాదించారు. అప్పటి సర్వర్లు బలహీనమైనవి. వెబ్‌లో తిరిగే ప్రోగ్రాములు కొన్ని ఊపిరి తీసుకోనివ్వకుండా పుటలు అడిగి వాటిని కూలబెట్టేవి. అందుకని సైటు ప్రధాన ఫోల్డరులోనే ఒక చిన్న ఫైలు పెట్టి, ఫలానా బాటు ఫలానా వైపు రావద్దని అందులో రాసుకుందామన్నారు. మర్యాదస్తులైన బాట్లు ఆ ఫైలు ముందుగా చదివి, దాని ప్రకారం నడుచుకుంటాయి. ఇంతకాలమూ అది పెద్దమనుషుల ఒప్పందంగానే నడిచింది. ఆర్ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణాల అధికారిక పత్రంగా వెలువడినది 2022లో మాత్రమే. ఆ పత్రం కూడా, ఈ నియమాలు ప్రవేశానికి అనుమతి ఇచ్చే, నిరాకరించే ఏర్పాటు కావని మొదట్లోనే చెబుతుంది. మన ఊళ్లలో ప్రహరీ గోడల మీద 'ఇచ్చట నోటీసులు అంటించరాదు' అని రాస్తారు చూడండి, అదీ దీని హోదా. చదివి ఆగేవాడు ఆగుతాడు, ఆ అక్షరాల మీదే సినిమా పోస్టరు అంటించేవాడు అంటిస్తాడు.

నిర్వాహకురాలు: ఆగేవారైనా ఆగుతారు కదా, పెడితే నష్టం లేదు.

మాస్టారు: సరిగా రాస్తే లేదు. తప్పుగా రాసేవారు సాధారణంగా రెండు చోట్ల బోల్తా పడతారు. మొదటిది, దాచుకోవలసిన ఫోల్డర్ల పేర్లన్నీ ఆ ఫైలులో వరసగా రాయడం. ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదవవచ్చు. 'సొంత డైరీ' అనే ఫోల్డరులోకి రావద్దని రాశామంటే, అలాంటి ఫోల్డరు ఒకటి ఉన్నదని మనమే చాటింపు వేసినట్టయింది. రెండవది కొంచెం సూక్ష్మమైనది, చదువుకున్నవారు కూడా ఇక్కడ తడబడతారు. సెర్చ్ ఫలితాల్లో కనబడకూడదంటే పుటలో నోఇండెక్స్ అనే గుర్తు పెట్టాలి. ఆ గుర్తు గూగుల్‌కు కనబడాలంటే గూగుల్ బాటు ఆ పుట తెరవాలి. అదే పుటను రోబోట్స్ ఫైలులో కూడా మూసివేస్తే బాటు లోపలికి రాదు, గుర్తు చూడదు. ఎక్కడో ఎవరో ఇచ్చిన లంకె ద్వారా ఆ చిరునామా దానికి తెలిసిపోతే, లోపలి విషయం చదవకపోయినా, చిరునామాను ఫలితాల్లో చూపించే అవకాశం ఉంటుంది. రెండు గడియలు వేశామనుకుంటారు గాని, ఒక గడియ రెండవదాన్ని పడనివ్వడం లేదు. కాబట్టి గూగుల్‌లో కనబడకూడదనుకుంటే నోఇండెక్స్ పెట్టి, బాటును రానివ్వాలి.

నిర్వాహకురాలు: వద్దనుకున్నవాడిని రానివ్వాలన్నమాట! సరే, కృత్రిమ మేధ కంపెనీల దగ్గరకు వద్దాం. ఎక్కువ ఉత్తరాలు దీని గురించే వచ్చాయి.

మాస్టారు: ఇక్కడ పేర్లతో మాట్లాడితే మంచిది. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ 2023 ఆగస్టులో జీపీటీబాట్ అనే తన బాటు పేరు ప్రకటించి, వద్దనుకునేవారు ఆ పేరుతో రోబోట్స్ ఫైలులో రాసుకోవచ్చని చెప్పింది. ఆ మరుసటి నెలలోనే గూగుల్, గూగుల్ ఎక్స్‌టెండెడ్ అనే పేరు తెచ్చింది. అది వేరే బాటు కాదు; దాన్ని వద్దన్నా సెర్చ్‌లో మన స్థానం చెక్కుచెదరదు, తీసుకున్న పుటలను తన మోడళ్లకు, అంటే కృత్రిమ మేధ ప్రోగ్రాములకు, శిక్షణ ఇవ్వడానికి వాడవద్దని చెప్పడం మాత్రమే. కామన్ క్రాల్ అనే లాభాపేక్ష లేని సంస్థ సీసీబాట్ పేరుతో వెబ్‌ను సేకరించి అందరికీ ఉచితంగా ఇస్తుంది, ఆ సేకరణ చాలా మోడళ్ల శిక్షణలోకి వెళ్లింది. ఈ పేర్లన్నీ రాసి వద్దనడం కొద్ది నిమిషాల పని. అయితే ఇవాళ రాసినది ఇవాళ్టి నుంచే పనిచేస్తుంది. ఇదివరకే తీసుకుపోయిన రాతలను అది వెనక్కి తేదు.

నిర్వాహకురాలు: ఇక్కడ నాదొక సందేహం. వెబ్‌లో తెలుగు ఉన్నదే తక్కువ. బాగా రాసేవారందరూ తలుపులు మూసుకుంటే, రేపు ఆ యంత్రాలు మాట్లాడే తెలుగు ఎలా ఉంటుంది? అచ్చుతప్పుల అనువాదాలూ, కాపీ కొట్టిన వార్తలూ చదివి నేర్చుకున్న తెలుగు అవుతుంది కదా.

మాస్టారు: మీ సందేహంలో బలం ఉంది. అయితే, తెలుగు బాగుండాలి కాబట్టి నీ కథ ఉచితంగా ఇచ్చెయ్యి అని ఒక రచయితను నిర్బంధించే హక్కు నాకు గాని, మీకు గాని ఉందని నేను అనుకోను. ఇవ్వాలనుకునేవారు ఇవ్వవచ్చు, ఆ మాట పైకి చెప్పి ఇస్తే మరీ మంచిది. నా దగ్గరకు వచ్చినవారికి మాత్రం ఒక మధ్యేమార్గం చెబుతుంటాను: ఊరి చరిత్ర, మాండలికపు మాటలు, వంటల వివరాలు వంటివి తెరిచి ఉంచండి, కథలు, కవితలు వంటి సొంత సృజన ఉన్న విభాగంలోకి ఆ బాట్లు రావద్దని రాసుకోండి. చట్టం వైపు చూస్తే, ఏఎన్ఐ వార్తాసంస్థ ఓపెన్‌ఏఐ మీద 2024లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది; అంతటి సంస్థే కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చిందంటే, విడిగా ఒక రచయిత చట్టాన్ని నమ్ముకుని కూర్చోవడం కష్టమే.

నిర్వాహకురాలు: పేరు మార్చుకుని వచ్చే బాట్ల మాటేమిటి?

మాస్టారు: లాగ్‌లో కనిపించే పేరు వచ్చినవాడు చెప్పుకున్న పేరే గాని, ఎవరూ తనిఖీ చేసినది కాదు. నేను గూగుల్ బాటునని ఎవరైనా చెప్పుకోవచ్చు. నిజమో కాదో తేల్చుకోవాలంటే ఆ ఐపీ చిరునామా ఏ డొమైనుకు (సైటు పేరుకు) చెందినదో వెనక్కి వెతికి, వచ్చిన డొమైను పేరు మళ్లీ అదే ఐపీకి చేరుతుందో లేదో చూడాలి. అసలు గూగుల్ బాటు అయితే గూగుల్‌బాట్ డాట్ కామ్ వంటి గూగుల్ డొమైన్ పేరు వస్తుంది. మామూలు క్రోమ్ బ్రౌజర్‌నని చెప్పుకుంటూ, వందల చిరునామాల నుంచి విడివిడిగా వచ్చేవాటిని ఇలా పట్టుకోలేము. వాటి కోసం పుట్టినదే అనుబిస్ వంటి సాఫ్ట్‌వేర్. 2025 మొదట్లో షీ ఇయాసో అనే ప్రోగ్రామరు, క్రాలర్ల (పుటలు సేకరిస్తూ తిరిగే బాట్ల) తాకిడికి తన సర్వర్ తట్టుకోలేక దాన్ని రాశారు. పుట ఇచ్చే ముందు అది బ్రౌజర్‌కు ఒక లెక్క ఇస్తుంది; ఒక పుట చదివే మనిషికి అది క్షణకాలం ఆలస్యం, లక్షల పుటలు దించుకునేవాడికి మాత్రం భారీ కరెంటు ఖర్చు. సైట్లకు రక్షణ కల్పించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ కూడా అదే సంవత్సరం జూలైలో, కొత్తగా చేరే సైట్లకు అనుమతి లేని ఏఐ క్రాలర్లను ముందుగానే ఆపివేసే పద్ధతి ప్రకటించింది. వీటిలో నాకు నచ్చనిది ఒకటుంది: పాత ఫోను, బలహీనమైన సిగ్నలు ఉన్న పల్లెటూరి పాఠకుడు కూడా ఆ లెక్క చేయవలసిందే. తాకిడి నిజంగా భరించలేనంతగా ఉంటే తప్ప చిన్న సైటుకు ఇది నేను సిఫారసు చేయను.

నిర్వాహకురాలు: ఫారంలో ప్రకటనలు కుమ్మరించేవారికి మనిషో యంత్రమో తేల్చే క్యాప్చా పరీక్ష పెడితే చాలునా?

మాస్టారు: క్యాప్చా వద్దు. వంకరటింకర ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టలేక, తెలుగు మాత్రమే చదివే పెద్దవారు అభిప్రాయం రాయకుండానే వెళ్లిపోతారు. బాట్లేమో వాటిని ఛేదించడం ఎప్పుడో నేర్చుకున్నాయి. ఫారంలో మనుషుల కంటికి కనబడని గడి ఒకటి అదనంగా పెట్టండి. మనిషి దాన్ని నింపడు, బాటు కనిపించిన గడులన్నీ నింపుతుంది. ఆ గడి నిండి వస్తే ఆ సందేశాన్ని చడీచప్పుడు లేకుండా పారవేయవచ్చు. అసలు సిసలు ఉపాయం, లంకెలు ఉన్న సందేశమేదీ మీరు చూడకుండా ప్రచురణ కాకుండా ఉంచడం. వారికి కావలసినది ఆ లంకె కనబడటమే.

నిర్వాహకురాలు: ఇక మేనత్త సంగతి. ఒక శ్రోత రాశారు: తన విడాకుల గురించి రాసుకున్న పుటలను బంధువులు వెతికి పట్టుకుని చదువుతున్నారట, వారి ఐపీని నిషేధించవచ్చునా అని అడిగారు.

మాస్టారు: నిషేధించినా ఫలితం ఉండదమ్మా. మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులలో ఒకే బయటి ఐపీ చిరునామాను ఎంతోమంది చందాదారులు పంచుకుంటారు, అది తరచుగా మారుతూ ఉంటుంది. మేనత్తను ఆపబోయి ఆ ఊళ్లో ఉన్న ముక్కూమొహం తెలియని పాఠకులను ఆపుతారు. ఆవిడ ఇంట్లో వైఫై కలుపుకుని హాయిగా చదువుకుంటారు. చాలామంది చేసే రెండో పని, ఎవరికీ తెలియని చిరునామాతో కొత్త సబ్‌డొమైన్ (సైటు పేరుకు ముందు మరో మాట చేర్చిన చిరునామా) తెరవడం. అది కూడా దాగదు. సైటుకూ పాఠకుడికీ మధ్య నడిచేది దారిలో ఎవరూ చదవకుండా చేసే హెచ్‌టీటీపీఎస్ కోసం తీసుకునే సర్టిఫికెట్లన్నీ, వాటిలో ఉన్న చిరునామాతో సహా, బహిరంగ జాబితాలలో నమోదవుతాయి. 2018 నుంచి క్రోమ్ బ్రౌజర్ ఆ నమోదు లేని కొత్త సర్టిఫికెట్లను ఒప్పుకోవడం లేదు. ఆ జాబితాలను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాములు, మీరు ఆ చిరునామా ఎవరికీ చెప్పకముందే, నేను ఇందాక చెప్పిన లాగిన్ పుటలు అడుగుతూ వచ్చేస్తాయి. ఆ శ్రోతకు చెప్పవలసినది ఒకటే: ఆ పుటలున్న ఫోల్డరుకు సర్వర్ స్థాయిలోనే పాస్‌వర్డు పెట్టాలి, హెచ్‌టీటీపీఎస్ తప్పకుండా ఉండాలి, ఆ పాస్‌వర్డు ఇవ్వదలచినవారికి ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి ఇవ్వాలి. అప్పుడు ఒకరి దగ్గర నుంచి బయటికి పొక్కితే ఆ ఒక్కటే రద్దు చేయవచ్చు.

నిర్వాహకురాలు: పాస్‌వర్డు పెట్టాక అది పనిచేస్తున్నదో లేదో ఎలా చూసుకోవాలి?

మాస్టారు: మీ బ్రౌజర్‌లో ప్రైవేటు విండో తెరిచి ఆ చిరునామా కొట్టండి, పాస్‌వర్డు అడగాలి, ఇవ్వకపోతే 401 అనే జవాబు రావాలి. తరువాత ఆ పుటలో ఉన్న ఒక ఫోటో చిరునామాను నేరుగా కొట్టి చూడండి, ఎందుకంటే పుటకు పాస్‌వర్డు పెట్టి ఫోటోలున్న ఫోల్డరును తెరిచి వదిలేయడం తరచుగా జరుగుతుంది. కొత్త రాతలను పాఠకులకు దానంతట అదే అందించే ఆర్ఎస్ఎస్ ఫీడును కూడా చూడండి, పుట మూసినా పూర్తి పాఠం అందులో నుంచి బయటికి పోతూ ఉండవచ్చు. అవి సరిగా ఉంటే మిగిలినవి పాత ప్రతులు. సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో తొలగింపు కోరితే ఆ ఫలితం సుమారు ఆరు నెలలు కనబడదు, ఈలోగా పుట మూతపడి ఉంటుంది కాబట్టి తరువాత దానంతట అదే జాబితా నుంచి పోతుంది. వెబ్ పుటల పాత ప్రతులను దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ మాత్రం, సెర్చ్ ఇంజిన్ల కోసం రాసిన రోబోట్స్ ఫైలు తమ భద్రపరచే పనికి సరిపోదని 2017లోనే చెప్పింది. కాబట్టి అక్కడ ఉన్న ప్రతిని తీయించాలంటే సైటు తనదేనని చూపిస్తూ వారికి నేరుగా ఈమెయిల్ రాయాలి.