ఇంటి నుంచి చదివిన చదువుకు మార్కు ఎలా వేస్తారు? హైస్కూలు పిల్లలకూ అమ్మానాన్నలకూ ఒక లెక్కల టీచరు మాట

[తెరపై: నల్లబల్ల మీద సుద్దతో రాసిన అంకె: 2,10,647]

2021 మే 21న తెలంగాణ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. మొత్తం 5,21,073 మంది పిల్లలు. కరోనా వల్ల పబ్లిక్ పరీక్ష పెట్టకుండానే అందరూ పాస్. వాళ్లలో 2,10,647 మందికి 10కి 10 జీపీఏ. అంటే అయిదుగురిలో ఇద్దరికి అన్నిటికన్నా పై గ్రేడు వచ్చింది.

మరుసటి ఏడాది పరీక్ష హాల్లో కూర్చోబెట్టి రాయించారు. సిలబస్‌లో 70 శాతమే ఉంచారు. అయినా 10 జీపీఏ తెచ్చుకున్నవాళ్లు 11 వేల పైచిలుకు మాత్రమే.

ఏడాదిలో పిల్లల తెలివేమీ తరిగిపోలేదు. మార్కు పుట్టే చోటు మారింది, అంతే. ఈ వీడియోలో ఆ చోటు గురించి చెబుతాను.

[తెరపై: టీచరు, వెనక ఖాళీ తరగతి గది]

నమస్తే. నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కరోనా కాలంలో ఫోన్లోనూ, టీవీ పాఠాల సాయంతోనూ, గుమ్మం ముందు నిలబడి కూడా చెప్పాను. ఇప్పుడు బళ్లు మామూలుగానే నడుస్తున్నా ఇంటి నుంచి చదవడం ఆగలేదు. సెలవుల్లో వాట్సాప్‌లో వర్క్‌షీట్లు వస్తున్నాయి, ఆన్‌లైన్ తరగతులు వస్తున్నాయి, ఓపెన్ స్కూల్లో చదివేవాళ్లు ఎటూ ఉన్నారు. వాటికి మార్కులు కూడా పడుతున్నాయి. ఆ మార్కు దేనికి వేస్తున్నారో మాత్రం చాలా ఇళ్లలో తెలియదు.

ముందు ఆ ఏడాది ఏం జరిగిందో చూద్దాం.

[తెరపై: క్యాలెండర్. 2020 సెప్టెంబర్ 1 చుట్టూ గీత]

2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్ విద్య ఛానల్లో పాఠాలు మొదలయ్యాయి. టీచర్లం ఆ పాఠానికి వర్క్‌షీట్ తయారుచేసి గ్రూపులో పెట్టేవాళ్లం. పిల్లలు చేసి ఫొటో తీసి పంపాలి. టీవీ లేనివాళ్లు పక్కింటికో, పంచాయతీ ఆఫీసుకో వెళ్లి చూడాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లలు బడి గడప తొక్కింది 2021 ఫిబ్రవరి 1న. మార్చి 24 నుంచి మళ్లీ మూత. ఏప్రిల్‌లో పబ్లిక్ పరీక్షలు రద్దయ్యాయి. మార్కు వేయడానికి చేతిలో మిగిలింది ఎఫ్ఏ-1 ఒక్కటే.

ఎఫ్ఏ అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం. ఒక్కో సబ్జెక్టుకు 20 మార్కులు, నాలుగు భాగాలు, భాగానికి 5.

[తెరపై: నాలుగు గళ్లు. తరగతిలో పాల్గొనడం 5, రాతపని 5, ప్రాజెక్టు 5, స్లిప్ టెస్ట్ 5]

ఈ 20ని అయిదుతో గుణించి 100 చేశారు. 91 నుంచి 100 దాకా ఏ-1, దానికి 10 పాయింట్లు. 81 నుంచి 90 దాకా ఏ-2, 9 పాయింట్లు. 71 నుంచి 80 దాకా బీ-1, 8 పాయింట్లు. ఇలా దిగుతూ వచ్చేది.

ఇక్కడ కాస్త ఆగండి. 20కి 19 వస్తే 95, అంటే ఏ-1. 18 వస్తే 90, అంటే ఏ-2. ఒక్క మార్కుకు గ్రేడు మారిపోయింది. నిజానికి ఎఫ్ఏని పబ్లిక్ పరీక్షకు తోడుగా పెట్టారు. పిల్లవాడికి ఎక్కడ అర్థం కావడం లేదో టీచరు ఏడాది మధ్యలో తెలుసుకోవడానికి పెట్టిన కొలత అది. దాన్ని ఏడాది మొత్తానికి తీర్పుగా మార్చి, పైగా అయిదు రెట్లు చేస్తే, అందులోని ప్రతి చిన్న పొరపాటూ అయిదు రెట్లు అవుతుంది. టీచరు జాలిపడి వేసిన ఒక్క మార్కూ అయిదవుతుంది.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను.

[తెరపై: మార్కుల రిజిస్టరు. పేర్ల గడి కాగితంతో కప్పి ఉంది]

నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. స్లిప్ టెస్టులో, అంటే చిన్న రాత పరీక్షలో, 5కి 5. రాతపనికి 5. ప్రాజెక్టుకు 4. గ్రూపులో మాత్రం ఒక్క మెసేజ్ ఉండేది కాదు. ప్రశ్న అడిగితే జవాబు లేదు, ఆన్‌లైన్ తరగతి పెడితే కనిపించదు. పాల్గొనడం అనే గడిలో 2 వేశాను. మొత్తం 16. అయిదుతో గుణిస్తే 80, బీ-1.

మార్కులు పైకి పంపేముందు మనసు ఒప్పక వాళ్లింటికి ఫోన్ చేశాను. వాళ్ల నాన్న ఎత్తాడు. ఆయన లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఫోనే, అది పగలంతా ఆయనతో రోడ్డు మీదే. రాత్రి తొమ్మిదికో పదికో ఇంటికొస్తే అమ్మాయి అప్పుడు వర్క్‌షీట్ చూసి చేసేది. మర్నాడు నోటుబుక్కు తెప్పించుకుని చూశాను. ప్రతి టీవీ పాఠానికీ తేదీ వేసి, పాఠంలో టీచరు అడిగిన ప్రశ్న రాసి, కింద జవాబు రాసుకుంది. అర్థం కాని చోట పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. అంతకంటే పాల్గొనడం ఏముంటుంది?

2 కొట్టేసి 5 వేశాను. 16 కాస్తా 19 అయింది. 80 కాస్తా 95. అమ్మాయి అదే, చదువు అదే. నేను మొదట వేసిన 2 వాళ్లింట్లో ఎన్ని ఫోన్లున్నాయో చెప్పింది తప్ప ఆమెకు లెక్కలు వచ్చో రాదో చెప్పలేదు.

ఆ రోజు నుంచి దూరవిద్యలో హాజరుకు మార్కు వేయడం మానేశాను. తోటి టీచర్లకు కూడా ఇదే చెబుతాను. హాజరు తీసుకోండి, తప్పకుండా తీసుకోండి, ఎందుకంటే రెండు రోజులు కనిపించని పిల్లలకు ఫోన్ చేయాల్సింది మనమే. కానీ దాన్ని మార్కులో కలపకండి.

[తెరపై: ఆంధ్రప్రదేశ్ 2021: స్లిప్ టెస్ట్ 70 శాతం, మిగతావి 30 శాతం]

అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో వేరే దారి పట్టారు. అక్కడ ఎఫ్ఏ 50 మార్కులకు ఉండేది. స్లిప్ టెస్టుకు 20, మిగతా మూడింటికి తలా 10. మామూలుగా కలిపితే స్లిప్ టెస్టుకు 40 శాతమే విలువ. దాన్ని 70 శాతానికి పెంచి, మిగతా మూడింటినీ 30కి దించారు. ఎఫ్ఏ ఒకటి కాకుండా రెండు చూశారు. పిల్లవాడు స్వయంగా రాసినదానికి బరువు పెంచడం నాకు మంచి పనిగా తోచింది. సీబీఎస్ఈ పదో తరగతిలో ఎప్పటి 20 ఇంటర్నల్ మార్కులు అలాగే ఉంచి, మిగతా 80ని యూనిట్ టెస్టులకు 10, అర్ధ సంవత్సర పరీక్షకు 30, బోర్డు పరీక్షకు ముందు బడిలో పెట్టే ప్రీబోర్డుకు 40గా పంచింది. ఒక్క రోజు మీద అంతా వేలాడకుండా చూసిందన్నమాట.

ఎక్కువ మందికి 10 జీపీఏ వస్తే ఎవరికి నష్టం అని కొందరు అమ్మానాన్నలు అడిగారు. బాసర ట్రిపుల్ ఐటీ సంగతి చూడండి. పల్లెటూరి సర్కారు బడి పిల్లలకు పదో తరగతి ఫలితంతోనే ఇంజనీరింగ్ చదువుకు సీటు దొరికే చోటది. 2021లో గ్రేడును పట్టుకుని ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చే వీలు లేకపోయింది. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ ర్యాంకుతో సీట్లు ఇచ్చారు. ఆంధ్రలో ట్రిపుల్ ఐటీలకు 2020లోనూ 2021లోనూ విడిగా ప్రవేశ పరీక్షే పెట్టారు. నిజంగా కష్టపడి 10 తెచ్చుకున్న పిల్ల చేతిలోని మెమో అక్కడ ఆమెకు అక్కరకు రాలేదు.

అమెరికాలో మన బంధువుల పిల్లలు చదివే ఊళ్లలోనూ ఇదే చిక్కు వచ్చింది. 2020 వసంతంలో సియాటిల్ ప్రభుత్వ హైస్కూళ్లలో అయితే "ఏ" గ్రేడు, లేదంటే "ఇంకా పూర్తి కాలేదు", ఈ రెండే ఇచ్చారు. ఫెయిల్ లేదు. ఆ "ఇంకా పూర్తి కాలేదు" అనే మాట నాకు నచ్చింది. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

[తెరపై: 18, 17, 19, 0]

ఒక అబ్బాయి నాలుగు వర్క్‌షీట్లలో మూడు పంపాడు. 20కి 18, 17, 19 వచ్చాయి. నాలుగోది అందలేదు, సున్నా వేశాం. మొత్తం 54. నాలుగుతో భాగిస్తే 13.5. వందకు మార్చితే 67.5, అంటే బీ-2, 7 పాయింట్లు. పంపిన మూడింటి సగటు మాత్రమే చూస్తే 18. వందకు 90. ఏ-2, 9 పాయింట్లు. ఆ సున్నా అతనికి ఆ పాఠం రాదని చెప్పడం లేదు. రీచార్జ్ అయిపోయిందేమో, పత్తి ఏరడానికి వెళ్లాడేమో. తెలియనిదానికి అంకె వేయకూడదు. "అందలేదు" అని రాసి, ఫలానా తేదీలోగా ఇవ్వమని చెప్పి, అప్పటికీ రాకపోతే ఎదురుగా కూర్చోబెట్టి అయిదు నిమిషాలు నోటితో అడిగితే సరిపోతుంది.

ఇక కాపీ సంగతి. దూరవిద్య అనగానే అందరూ అనే మాట, "అన్నయ్య చేసి పెడతాడు, యూట్యూబ్ చూసి దింపుతారు" అని. నిజమే, దింపుతారు. పుస్తకంలోని లెక్కే ఇస్తే దింపడం సులువు. అందుకే నేను ప్రశ్న మార్చాను.

[తెరపై: కరెంటు బిల్లులు, పక్కన పెన్సిల్‌తో పట్టిక]

పదో తరగతిలో సాంఖ్యకశాస్త్రం పాఠం ఉంది. సగటు, మధ్యగతం (అంకెలను వరుసలో పెడితే నడిమిది), బాహుళకం. "మీ వీధిలో పది ఇళ్ల కరెంటు బిల్లులు అడిగి, ఈ నెల ఎన్ని యూనిట్లు కాలాయో రాయండి. సగటు కట్టండి. మధ్యగతం కట్టండి. రెండింటికీ తేడా ఎందుకు వచ్చిందో మీ మాటల్లో చెప్పండి" అన్నాను. ఎవరి వీధి వాళ్లది, ఎవరి అంకెలు వాళ్లవి. ఒకబ్బాయి వీధిలో పిండి మర ఉంది. ఆ ఒక్క బిల్లు సగటును ఎక్కడికో లాక్కెళ్లింది, మధ్యగతం మాత్రం కదల్లేదు. "సార్, సగటు అబద్ధం చెబుతోంది" అని వాడు ఫోన్లో అన్నాడు. పాఠం వాడికి ఎక్కిందని చెప్పడానికి ఇంకో పరీక్ష అవసరం లేదనిపించింది. ఫోన్లో ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే, ఎవరు చేశారో ఎవరు చేయించుకున్నారో తెలిసిపోతుంది.

[తెరపై: గోడ గడియారం]

పిల్లల నుంచి ఎంత ఆశించాలి అన్నదానికీ ఒక హద్దుంది. కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో ఇచ్చిన "ప్రజ్ఞత" మార్గదర్శకాలు తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా రోజుకు నాలుగు పీరియడ్లకు మించవద్దన్నాయి. పీరియడు 30 నుంచి 45 నిమిషాలు. ఎంత పొడిగించినా తెర ముందు మూడు గంటలు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఫోన్ ముందు కూర్చోబెట్టడం కష్టపడటం కాదు, కళ్లు పోగొట్టడం. తెర ముందు గంట గడిచాక కాగితం మీద గంట గడవాలి. లెక్కలైతే మరీనూ.

ఓపెన్ స్కూల్ పిల్లలకు ఒక్క మాట. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో టీఎంఏ అని ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లు ఉంటాయి, థియరీ మార్కుల్లో వాటిది 20 శాతం. గడువు దాటనివ్వకండి.

[తెరపై: టీచరు, చేతిలో నోటుబుక్కు]

అమ్మానాన్నలూ, ఆన్‌లైన్లో ఏ తరగతి మొదలైనా మొదటి వారంలోనే టీచరును అడగండి. మార్కు దేనికి వేస్తారు? వర్క్‌షీట్ ఎప్పటిలోగా ఇవ్వాలి? ఫోన్ లేని రోజు పిల్ల ఏం చేయాలి, కాగితం మీద రాసి బడిలో ఇవ్వచ్చా? ఈ మూడూ అడగడానికి మొహమాటపడకండి. చదువుకోలేదు, మాకేం తెలుసు అనుకోకండి. నాతో మాట్లాడిన లారీ డ్రైవరు అయిదో తరగతి చదివాడు. ఆయన ఫోన్ ఎత్తి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు కాబట్టే ఆ 2 దిద్దగలిగాను.

పిల్లలూ, మీ పని ఇంకా చిన్నది. పాఠం చూసిన ప్రతిసారీ నోటుబుక్కులో తేదీ వేయండి. ఏ పాఠమో ఒక లైను రాయండి. అర్థం కానిదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. మీకు పడిన మార్కు మీ చదువుకు సరిపోలేదనిపిస్తే ఆ పుస్తకం పట్టుకుని సబ్జెక్టు టీచరు దగ్గరికి, అక్కడ తేలకపోతే హెచ్ఎం గారి దగ్గరికి వెళ్లండి. మార్కులు పైకి పంపేముందే వెళ్లండి, పంపాక మార్చడం చాలా కష్టం.

[తెరపై: నోటుబుక్కులో ఒక పేజీ. పైన తేదీ, "యాదగిరి ఛానల్, లెక్కలు". నాలుగో లెక్క పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం]