బెంచీ మీద కూర్చోడానికీ డబ్బులేనా

అక్క: ఎర్ర చుక్క వెలుగుతోందా? సరే, మొదలుపెట్టేద్దాం. అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో అమ్మావాళ్ళింట్లో, మేడ మీద గదిలో కూర్చుని మాట్లాడుతున్నాం. మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తే పట్టించుకోకండి, కింద అమ్మ పప్పు పెట్టింది. పక్కన మా తమ్ముడు. రాయగడలో ఉద్యోగం, దసరాకి వచ్చాడు, వచ్చి మూడు రోజులైంది, ఇంకా కంప్యూటర్‌లోంచి మొహం తియ్యలేదు.

తమ్ముడు: నువ్వు మాత్రం తీశావా? పక్క వీధి నుంచి లాప్‌టాప్ చంకన పెట్టుకుని మరీ వచ్చావు.

అక్క: నాది వేరు. నేను వ్యవసాయం చేస్తున్నాను.

తమ్ముడు: ఇవాళ టాపిక్ అదేనండీ. ఇప్పుడు ఎవరేం వీడియో గేములు ఆడుతున్నాం, ఆడుతూ ఎందుకు తిట్టుకుంటున్నాం.

అక్క: ముందు నన్ను చెప్పనీ. పది నిమిషాల కిందటే వాలుగ పట్టాన్రా!

తమ్ముడు: స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం ఆటలో అని చెప్పక్కా, లేకపోతే మహేంద్రతనయలో గాలం వేశావనుకుంటారు.

అక్క: అందులో క్యాట్‌ఫిష్ అంటారు, మీసాలు చూస్తే నాకు మన వాలుగలాగే ఉంటుంది. వసంతంలోనో శరత్కాలంలోనో వాన పడితేనే ఏట్లో దొరుకుతుంది, ఊళ్ళో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ని బాగుచెయ్యాలంటే ఇవ్వాల్సిన చేపల్లో అదొకటి. నాలుగు వానలు పోగొట్టుకున్నాను దానికోసం. ఒక నిలువు గొట్టంలో చేప బొమ్మ పైకీ కిందకీ ఎగురుతుంటే, బటన్ నొక్కుతూ వదులుతూ ఆకుపచ్చ పట్టీని దాని మీదే ఉంచాలి, ఇదేమో పిచ్చెక్కినట్టు గెంతుతుంది, నా బొటనవేలు ఇంకా లాగుతోంది చూడు. ఇవాళ పడింది. మెనూ తెరిచి ఆట ఆపి, నువ్వు పిలిస్తే ఇటొచ్చాను.

తమ్ముడు: పడుకున్నావా?

అక్క: ఎక్కడ పడుకోనిచ్చావు, రా రా అని మేడ మీంచి ఒకటే అరుపు.

తమ్ముడు: అయితే సేవ్ అవ్వలేదన్నమాట.

అక్క: ఇది అవ్వగానే వెళ్ళి పడుకుంటాను. అంటే నేను కాదు, ఆటలో నా మనిషి. తెలియనివాళ్ళకి చెప్తున్నా, ఇందులో రోజు పొద్దున్న ఆరింటికి మొదలై రాత్రి రెండింటికి అయిపోతుంది, మన గడియారంలో ఓ 14 నిమిషాలు. రెండయ్యేలోపు మంచమెక్కకపోతే ఉన్నచోటే సొమ్మసిల్లి పడిపోతాం, జేబులో డబ్బు కొంత పోతుంది. రోజు ముగిస్తేనే సేవ్. నన్ను ముంచింది ఈ 14 నిమిషాలే. పాప పడుకున్నాక నాకు దొరికేది ముప్పావుగంట, అంటే మూడు రోజులు ఆడి ఆపేయాలి, ఆపుతానా? రాత్రి పడుకోగానే లెక్క చూపిస్తుంది, ఇవాళ ఇంత పంట అమ్మావు, ఇంత వచ్చింది అని. తెల్లారి టీవీ పెడితే రేపు వాన అంటుంది. సరే ఆ వాన రోజొక్కటీ చూసి ఆపేద్దాం అనుకుంటాను. మీ బావ మంచినీళ్ళకి లేచి, ఏమీ అనకుండా గోడ గడియారం వైపు చూసి వెళ్ళిపోతాడు.

తమ్ముడు: బావ మంచోడు. తాతయ్య సంగతి చెప్పు.

అక్క: తాతయ్య మొన్న నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను క్యాన్ పట్టుకుని ఒక్కో గడికీ నీళ్ళు పోస్తున్నాను, అరవై గడులు. చాలాసేపు చూసి, "చేనుకి చెంబుతో నీళ్ళేటే?" అన్నాడు. స్ప్రింక్లర్లు ఉన్నాయి తాతా, చెయ్యడానికి ఇంకా ఇనుము దొరకలేదు అన్నాను. ఈలోగా రుతువు మారింది. ఇందులో ఒక్కో రుతువుకి 28 రోజులే, మారిన పొద్దున్నకల్లా కొయ్యకుండా మిగిలిన ఆ కాలం పంటంతా మాడిపోతుంది. అది చూసి ఆయన, "నెల తిరిగేసరికి ఖాళీ చెయ్యమంటే అది పొలం కాదు, అద్దిల్లు" అన్నాడు.

తమ్ముడు: వరికి నవ్వాడు కదా?

అక్క: వరి వసంతంలో వెయ్యమంటుంది మరి, మనకేమో వానలకి నాట్లు. కానీ నీటికి మూడు గడుల లోపు నాటితే తడపక్కర్లేదు, ఎనిమిది రోజుల పంట ఆరు రోజులకే వచ్చేస్తుంది. అది చెప్పాక, "కాలవ పక్క మడి విలువ తెలిసినోడే చేశాడు" అన్నాడు. ఎవడు చేశాడో చెప్పాను. ఎరిక్ బరోన్ అని అమెరికా కుర్రాడు, బొమ్మలు, పాటలు, కోడు, ఊళ్ళో వాళ్ళ మాటలు, అన్నీ ఒక్కడే. నాలుగేళ్ళకి పైగా చేశాడు, మధ్యలో ఖర్చులకి థియేటర్‌లో చిన్న ఉద్యోగం, 2016 ఫిబ్రవరిలో బయటికి తెచ్చాడు. ఇప్పటికీ కొత్త అప్‌డేట్లు ఉచితంగానే ఇస్తున్నాడు, ఒకసారి కొంటే చాలు, మళ్ళీ చెయ్యి చాపడు. "ఒక్కడే దున్నాడా!" అన్నాడు తాతయ్య. అని మళ్ళీ చెంబు గొడవకే వచ్చాడనుకో.

తమ్ముడు: సరే, ఇక నాది. నీదానికి పూర్తిగా తిరగేసిన ఆట. సిల్క్‌సాంగ్. హాలో నైట్ అని 2017లో ఒకటొచ్చింది, ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అని నలుగురైదుగురు కూడా లేని జట్టు చేసింది, నేల కింద పురుగుల రాజ్యం. అందులో మనకి ఎదురుపడి కొట్టే హార్నెట్ ఉంటుంది, ఇందులో మనమే హార్నెట్. 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, వచ్చింది 2025 సెప్టెంబరు 4న. ప్రకటించినప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి, ఆడేసరికి అమ్మ సంబంధాలు చూస్తోంది.

అక్క: ఫోటో పంపాలి, కంప్యూటర్ లేకుండా ఒకటి తీయించుకో.

తమ్ముడు: వచ్చిన రోజున జనం ఒక్కసారి ఎగబడితే ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోరే కాసేపు మొరాయించింది. నేను పేజీని తిప్పి తిప్పి తెరుస్తూ కూర్చున్నాను, దసరా ప్రసాదం క్యూలో నిలబడ్డట్టు.

అక్క: బాగుందా మరి? నాకు కిందకి వినపడేవి తిట్లే.

తమ్ముడు: బాగుంది. కదలిక ఎంత హాయిగా ఉంటుందంటే, దూకి సూదితో కిందకి ఏటవాలుగా పొడిస్తే, తగిలిందాని మీంచి మళ్ళీ పైకి ఎగురుతుంది, నేల మీద కాలు పెట్టకుండా గది దాటెయ్యొచ్చు. కానీ కూర్చోనివ్వదక్కా, మాటవరసకి కాదు, నిజంగానే. బెంచీ మీద కూర్చుంటేనే నిశ్చింత, చస్తే ఆఖరిసారి కూర్చున్న బెంచీ దగ్గరే లేస్తాం. కొన్ని బెంచీలకి పూసలు చెల్లించాలి. రోజరీలని, జపమాల పూసలే అక్కడ డబ్బు.

అక్క: బెంచీ మీద కూర్చోడానికీ డబ్బులేనా? రైల్వే స్టేషన్ నయం.

తమ్ముడు: ఇంకా విను. హంటర్స్ మార్చ్ అని ఒక చోటుంది, నిండా చీమలు. మొన్న అరగంట ఎగురుకుంటూ దూక్కుంటూ, ప్రాణం ఒక్క చుక్క మిగిలి, అక్కడ బెంచీ కనిపించింది. ఫ్రీ బెంచీ. హమ్మయ్య అని కూర్చున్నాను. కూర్చోగానే పైనుంచి ఉచ్చు పడి చచ్చాను.

అక్క: (నవ్వు) రాత్రి పదకొండున్నరకి ఆ అరుపు అదేనా? పాప లేచి కూర్చుంది!

తమ్ముడు: మొదట మన ప్రాణం ఐదు మాస్క్‌లు, చాలావాటి దెబ్బకి రెండేసి పోతాయి, అంటే మూడో దెబ్బకి కథ ముగిసినట్టే. చచ్చినచోట మన పూసలు ఉండిపోతాయి, తెచ్చుకోడానికి వెళ్తూ మళ్ళీ చస్తే ఇక అంతే సంగతులు. దానికో ఉపాయం ఉంది, పూసల్ని గుచ్చించి దండ చేయిస్తే చచ్చినా దండ పోదు. కాకపోతే ఇచ్చినన్ని పూసలు దండలో ఉండవు, కొన్ని కోత పడతాయి.

అక్క: బంగారం కొట్లో తరుగు.

తమ్ముడు: అచ్చంగా తరుగే. నాకు కష్టంగా ఉందని బాధ లేదక్కా. వచ్చిన కొద్ది రోజులకే ప్యాచ్ అని ఒక సవరణ ఇచ్చి మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అని ఇద్దరు బాసుల, అంటే పెద్ద శత్రువుల జోరు కొంచెం తగ్గించారు, నన్నడిగితే తగ్గించకపోయినా పర్లేదు. నా గొడవ దారి గురించి. లాస్ట్ జడ్జ్ అని ఒక బాస్, వాడి చేతిలో ఓడిన ప్రతిసారీ బెంచీ నుంచి అదే ఎడారి గాలిలో, అదే పరుగు. వాడితో పోరాటం ఒక నిమిషం, దారి అంతకంటే ఎక్కువ. ఓడిపోయినవాణ్ణి మళ్ళీ పోరాడనియ్యి, మధ్యలో గుంజీలెందుకు?

అక్క: నాలాగ ముప్పావుగంటే ఉంటే ఆడతావా అది?

తమ్ముడు: (ఆగి) ఆడను. ఆదివారం ఆడాలి, ఇంట్లో ఎవరూ లేకుండా.

అక్క: నేను ఏ ఆటనైనా ఇప్పుడు చూసేది అదేరా. బొమ్మలు బాగున్నాయా లేదా తర్వాత. పాప ఏడిస్తే నేను లేచి వెళ్ళొచ్చా, వచ్చేసరికి నాది నాకు ఉంటుందా. నువ్వు రాత్రుళ్ళు ఫ్రెండ్స్‌తో ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ ఉంది చూడు, దానికి అసలు ఆగడమే లేదు.

తమ్ముడు: ఎలా ఆగుతుంది, వంద మంది ఒకేసారి దిగుతారు. అది మానెయ్యమని ప్రభుత్వమే చెప్పి చూసింది మాకు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని ఆపేశారు, 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, 2022 జూలైలో దాన్నీ స్టోర్లలోంచి తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. మా స్క్వాడ్ నలుగురూ ప్రతిసారీ మళ్ళీ కలిశాం. ఒకడు పాతపట్నం, ఒకడు గుణుపురం, ఒకడు బరంపురం, నేను. ఆట గురించి అడిగితే పెద్దగా చెప్పడానికేం లేదు, తుపాకులు, పెట్టెలు. మేం ఆడేది కబుర్లకే.

అక్క: మీ కబుర్లు నేను విన్నాను. ఒక్క వాక్యంలో మూడు భాషలు.

తమ్ముడు: మామూలప్పుడు తెలుగే. కొండ మీంచి ఎవడైనా కాల్చాడంటే మాత్రం "పొళా పొళా" అని ఒడియా వచ్చేస్తుంది, పరిగెత్తరా అని. బడిలో మాస్టారు కర్ర తీసినప్పుడు నేర్చుకున్న మాట అది, కాళ్ళకి ముందు అదే అర్థమవుతుంది. ఒకసారి వేరే భాష వాడెవడో స్క్వాడ్‌లో పడి, మీది ఏ ఊరు బ్రో, ఏం మాట్లాడుతున్నారు అని అడిగి వెళ్ళిపోయాడు.

అక్క: తెలుగు మాత్రం ఎక్కడ? నా స్టార్‌డ్యూలో లేదు, నీ సిల్క్‌సాంగ్‌లో లేదు. వాడుక భాషలో రాయండని పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇక్కడ కూర్చుని నేను తాతయ్యకి ప్రతి గడినీ తర్జుమా చేసి చెప్తున్నాను. "ముల్లంగిలాంటిదే తాతా, కానీ ముల్లంగి కాదు."

తమ్ముడు: ఆ రాజీ ఆట సంగతి చెప్పవా? పండక్కి సరిపోతుంది.

అక్క: రెండు ముక్కలే. రాజీ అని పుణెలో నోడింగ్ హెడ్స్ వాళ్ళు చేశారు, 2020లో వచ్చింది. రాక్షసులు పిల్లల్ని ఎత్తుకుపోతే, గోలూ అనే తమ్ముడి కోసం వాళ్ళక్క రాజీ బయల్దేరుతుంది. దుర్గమ్మా విష్ణుమూర్తీ పైనుంచి చూస్తూ కథ చెప్తుంటారు. రాజస్థాన్ కోటల్లాంటి గోడలు, స్తంభాలు, నీళ్ళలో తామరలు, చూస్తూ నిలబడిపోయాను. కథ ముక్కలు నీడబొమ్మలతో నడుస్తాయి, మన తోలుబొమ్మలాటలాగ, ఇటువైపు రావణఛాయ అంటారే అలాగ. కొట్లాట మాత్రం బిగుసుగా ఉంది, త్రిశూలం ఒకవైపు తిప్పితే ఆ పిల్ల ఇంకోవైపు దొర్లుతుంది. ఆఖరు మరీ అన్యాయం, అసలు పోరాటం అయ్యీ అవ్వగానే టక్కున ఆగిపోయింది, కరెంటు పోయిందేమో అనుకున్నాను.

తమ్ముడు: నాకోసం నువ్వు అలా వెతుకుతావా?

అక్క: రెండు సాయంత్రాలు వెతుకుతాను. అంతకుమించి పాప ఉం—

(ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది)

తమ్ముడు: పోయింది.

అక్క: ఒరేయ్.

తమ్ముడు: ఫోన్‌లో రికార్డవుతూనే ఉంది, కంగారుపడకు.

అక్క: ఫోన్ కాదురా! నా లాప్‌టాప్! బ్యాటరీ చచ్చి ఏడాదైంది, ప్లగ్ తీస్తే ఆగిపోతుంది. నా వాలుగ!

తమ్ముడు: (నవ్వు) నేను ముందే అడిగాను, పడుకున్నావా అని.

అక్క: నవ్వకు. నాలుగు వానలు, నా బొటనవేలు... అమ్మా, కింద కూడా పోయిందా?

అమ్మ (కింద నుంచి): వీధంతా పోయింది! అన్నానికి రండి, కొవ్వొత్తి పెట్టాను!

తమ్ముడు: అక్కా, ఒక్క నిమిషం ఆలోచించు. నువ్వు పడుకోలేదు కదా, అంటే మళ్ళీ తెరిస్తే ఏ పొద్దున్న లేస్తావు?

అక్క: ఇవాళ పొద్దున్నే.

తమ్ముడు: ఇవాళ ఏం రోజు?

అక్క: ...వాన రోజు.

తమ్ముడు: అదే వాన మళ్ళీ పడుతుంది. నాకు అలాంటి బెంచీ ఒక్కటీ లేదు.

అక్క: పద, తినేసి వద్దాం. కరెంటు రాగానే నువ్వు కంప్యూటర్ ముట్టుకోవద్దు, ముందు నా పక్కన కూర్చో, ఆ ఆకుపచ్చ పట్టీ నువ్వు పట్టు, నా వేలు లాగుతోంది.

తమ్ముడు: నాకు రెండు వడలు ఎక్కువ వెయ్యమను అమ్మని.

అక్క: ఆపు, ఆపు, ఇంకా రికార్డవుతోంది—