వాషింగ్ మెషిన్ రోజుకి 3.6 జీబీ వాడిందా?

[తెరపై: తిరుగుతున్న వాషింగ్ మెషిన్. పక్కన రూటర్ యాప్‌లో గ్రాఫ్]

2024 జనవరిలో ఎక్స్‌లో ఒకాయన ఓ స్క్రీన్‌షాట్ పెట్టాడు. తన ఎల్‌జీ వాషింగ్ మెషిన్ రోజుకి 3.6 జీబీ లాగేస్తోందట! అందులో దాదాపు అంతా అప్‌లోడే. ఇక చూస్కోండి, హ్యాక్ అయిందన్నారు, ఎవరో దాంతో బిట్‌కాయిన్ మైనింగ్ చేస్తున్నారన్నారు, అంటే కంప్యూటర్ లెక్కలతో డిజిటల్ డబ్బు సంపాదించడం, మన మాటలు వింటోందన్నారు.

సరే, లెక్క వేద్దాం.

[తెరపై: 3.6 జీబీ ÷ 24 గంటలు]

సెకనుకి సుమారు 330 కిలోబిట్లు. పగలూ రాత్రీ ఆగకుండా! "ఉతకడం అయిపోయింది" అని ఫోన్‌కి చెప్పడానికి కొన్ని కిలోబైట్లు చాలు. మాటలు పంపడానికైనా ఇందులో పదో వంతు సరిపోతుంది, అదీ మెషిన్‌లో మైకు ఉంటేనే. మైనింగ్‌కి కావాల్సింది ప్రాసెసరూ కరెంటూ, ఇంత అప్‌లోడ్ దానికెందుకు?

అంటే మెషిన్ కంటే ముందు ఆ అంకెనే అనుమానించాలి. అది చెప్పింది ఎవరు? ఆసుస్ రూటర్. ఆ లెక్క తప్పయి ఉండొచ్చని తర్వాత ఆ స్క్రీన్‌షాట్ పెట్టినాయనే రాశాడు. ఆ మాట మాత్రం వైరల్ కాలేదు, ఎందుకవుతుంది!

[తెరపై: రూటర్ యాప్‌లో పరికరాల పట్టిక]

రూటర్ ఒక్కో పరికరాన్ని దాని మ్యాక్ అడ్రస్‌తో, అంటే ఆ పరికరానికి ఉండే గుర్తింపు నంబరుతో గుర్తుపడుతుంది. ఇప్పటి ఫోన్లు ఆ అడ్రస్‌ని దాచి, వేరే అడ్రస్‌తో కనెక్టవుతాయి. దాంతో ఒకే ఫోన్ పట్టికలో రెండు పేర్లతో కనబడొచ్చు, ఏ లెక్క ఏ పరికరానిదో తికమక కావచ్చు. ఇక "ఏ యాప్‌కి ఎంత" అని చూపించేదాంట్లో చాలావరకు రూటర్ ఊహే.

అలాగని అన్నీ పుకార్లే అనను. బ్యాడ్‌బాక్స్ 2.0 నిజం. ఊరూపేరూ లేని చవక ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో మాల్‌వేర్, అంటే దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి, మీ ఇంటి ఇంటర్నెట్ మీదుగా వేరేవాళ్ల ట్రాఫిక్ నడిపారు. కోటికి పైగా పరికరాలు! 2025లో ఎఫ్‌బీఐ హెచ్చరించింది, గూగుల్ కేసు వేసింది. కానీ అక్కడ సాక్ష్యం ఉంది. పరిశోధకులు సాఫ్ట్‌వేర్ విప్పి చూసి, అది ఏ సర్వర్లతో మాట్లాడుతోందో పట్టుకున్నారు. స్క్రీన్‌షాట్ చూసి తేల్చింది కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇంకోటి: అమెజాన్ సైడ్‌వాక్. 2021 జూన్ నుంచి ఎకో స్పీకర్లు ఇంటి ఇంటర్నెట్‌లో కొంచెం చుట్టుపక్కల పరికరాలకు ఇస్తున్నాయి. నెలకి 500 ఎంబీ దాటదని అమెజానే రాసిపెట్టింది. రహస్యమేమీ కాదు, అయితే మనల్ని అడక్కుండానే ఆన్ అయి ఉంటుంది, అదే నాకు నచ్చదు. అలెక్సా యాప్‌లో ఆపేయొచ్చు.

[తెరపై: ప్లగ్ తీస్తున్న చెయ్యి]

మీ ఇంట్లో దేనిమీదైనా అనుమానముంటే, ఒక రోజంతా దాని ప్లగ్ తీసేయండి. రూటర్ గ్రాఫ్ కాదు, ఇంటర్నెట్ కంపెనీ యాప్‌లో ఆ రోజు మొత్తం వాడకం చూడండి. తగ్గిందా, మళ్లీ పెట్టి ఇంకో రోజు చూడండి. తగ్గలేదా, ఫోన్లో ఫోటోల బ్యాకప్ ఎంత తింటోందో అటు వెతకండి.