నోటుబుక్కులో మన బండ్లే

సర్పంచి గారికి, ఎస్సై గారికి, ఎండలో కూర్చున్న అమ్మలకు, అక్కలకు నమస్కారం. పేర్లన్నీ చదివితే పొద్దుగూకుతుంది, వదిలేయండి. రోడ్డు భద్రతా మాసం అని పిలిచారు కాబట్టి వచ్చాను గానీ, నేను చెప్పాల్సింది వేరే ఉంది.

బడి దగ్గర ఆరెంజి జాకెట్లు వేసుకుని నిలబడే మన కుర్రాళ్లను రోజూ చూస్తున్నారు. వాళ్లకు బండి ఆపే అధికారం లేదు, చలానా రాసే అధికారం అంతకన్నా లేదు. నెమ్మదిగా పొమ్మని చెయ్యి ఊపుతారు, వినకపోతే నంబరు రాసుకుని స్టేషన్‌లో ఇస్తారు. ఇంగ్లండు పల్లెల్లోనూ వాలంటీర్లు ఇదే చేస్తారు. వాళ్ల చేతిలో స్పీడ్ గన్ ఉంటుంది, పోలీసులు బండి ఓనరుకు హెచ్చరిక ఉత్తరం పంపుతారు. మనకున్నది నోటుబుక్కు.

ఆ పుస్తకం ఈ మధ్య తిరగేశాను. మనం తిట్టేది హైదరాబాద్ కార్లను. అందులో ఎక్కువున్నవి మన బండ్లే!

ఓ కుర్రాడి నంబరు రాసినందుకు వాళ్ల నాన్న మా ఇంటికొచ్చాడు. "సార్, మీ దగ్గర చదువుకున్నోడే కదా, కొట్టేయించండి" అన్నాడు. కాదన్నాను. బయటికెళ్లి ఎవరికో ఫోన్ కలిపి నా చెవిలో పెట్టాడు. అవతల ఒక లీడరు, "చిన్నపిల్లోడు మాస్టారూ, చూసీచూడనట్టు పోవాలె" అన్నాడు. మీసాలొచ్చినోడు చిన్నపిల్లోడా? బడి గేటు దగ్గర ఒకటో తరగతి చదివేది చిన్నపిల్ల. నవ్వకండి, ఆ నాన్న ఇక్కడే కూర్చున్నాడు.

60 మీద వచ్చేవాడికి పిల్ల కనపడి, కాలు బ్రేక్ మీద పడేసరికి సెకను గడుస్తుంది. ఆ సెకనులో బండి దాదాపు 17 మీటర్లు వచ్చేస్తుంది. మన బడి గేటుకు, బోరింగుకు మధ్య ఉన్నదే అంత. ఇంకా బ్రేక్ పట్టనే లేదు.

స్పీడ్ బ్రేకర్ వేస్తే సరిపోతుంది కదా అంటారు. నిరుడు రాత్రికి రాత్రి వేశారుగా! రోడ్ల కొలతలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మీరు కట్టింది గోడ. తెల్ల గీత లేదు, బోర్డు లేదు. బైకు వెనక కూర్చున్న పెద్దమ్మ ఎగిరిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి నల్ల పరదా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టేదీ మనమే. చీకట్లో ఆ రాళ్లు ఎవరికి కనపడతాయి?

ఎస్సై గారూ, ఇచ్చిన నంబర్ల సంగతి ఏమైందో నెలకోసారి పంచాయతీ బోర్డు మీద అంటించండి. లేకపోతే మా కుర్రాళ్లు ఎన్నాళ్లు నిలబడతారు? సాయంత్రం బడి వదిలే వేళకు ఇంకో ఇద్దరు కావాలి. ఇందాక చెప్పిన నాన్నగారూ, ముందు మీ పేరు రాయమంటారా?